రీఫర్బిష్డ్ ఆర్740 ర్యాక్ సర్వర్ కొటేషన్: 35 మంది యూజర్లకి ఇది సరిపోతుందా, ఏమేం మార్పించాలి?

ప్రశ్న: బెజవాడ_ఐటీ

విజయవాడలో మందుల హోల్‌సేల్ సంస్థ. ఇప్పటిదాకా మామూలు డెస్క్‌టాప్ మీదే విండోస్ సర్వర్ వేసి నెట్టుకొస్తున్నారు, ఇక మార్చక తప్పదు. యూజర్లు 35 మంది. బిల్లింగ్ ఈఆర్‌పీ (సంస్థ లావాదేవీలన్నీ చూసే సాఫ్ట్‌వేర్) మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ స్టాండర్డ్ మీద నడుస్తుంది, డేటాబేస్ 180 జీబీ దాకా ఉంది. అకౌంట్స్‌లో 8 మందికి టాలీప్రైమ్. కొత్త సర్వర్లో హైపర్-వీ (ఒకే మిషన్‌లో కొన్ని వర్చువల్ మిషన్లు, అంటే వీఎంలు, నడిపే విండోస్ సదుపాయం) పెట్టి ఒక వీఎంలో ఎస్‌క్యూఎల్, ఇంకో వీఎంలో టాలీ, రిమోట్ డెస్క్‌టాప్ నడపాలని ఆలోచన.

వచ్చిన కొటేషన్ ఇదీ:

డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్740, 3.5 అంగుళాల డిస్కులు 8 పట్టే ఛాసిస్, రీఫర్బిష్డ్ (వాడినదాన్ని సరిచేసి అమ్మేది)
జియాన్ సిల్వర్ 4214 ప్రాసెసర్లు 2
32 జీబీ ర్యామ్ స్టిక్కులు 4
పెర్క్ హెచ్330 రెయిడ్ కార్డు (డిస్కులన్నిటినీ కలిపి నడిపేది)
4 టీబీ 7.2కే (నిమిషానికి 7,200 చుట్లు తిరిగే) డిస్కులు 4, రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే అమరిక)
750 వాట్ల పవర్ సప్లయి 1
ఐడ్రాక్9 ఎక్స్‌ప్రెస్ (సర్వర్‌ని దూరం నుంచి చూసే, నడిపే డెల్ ఏర్పాటు)
1 గిగాబిట్ పోర్టులు 4
అమ్మేవాళ్ళ వారంటీ 1 సంవత్సరం

మా దగ్గర ఉన్నవి: గోడకి బిగించిన 9యూ ర్యాక్ (యూ అంటే ర్యాక్ ఎత్తు కొలత; 600 మి.మీ. లోతు, ముందు గాజు తలుపు), 2 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్, ఆ గదిలో 1 టన్ను స్ప్లిట్ ఏసీ.

రెండు ప్రాసెసర్లు, 128 జీబీ, 12 టీబీ అనేసరికి ఓనరు గారికి బాగా నచ్చేసింది. నాకే డిస్కుల దగ్గరా, పవర్ సప్లయి దగ్గరా అనుమానం. ఇదే బడ్జెట్‌లో ఏం తీసేసి ఏం పెట్టించుకుంటే మంచిది?

జవాబు 1: సర్వర్‌గది

ఆర్740 మంచి బాడీనే. 2017లో వచ్చిన తరం, విడిభాగాలు బయట బాగా దొరుకుతాయి. తేడా అంతా లోపల ఏం వేశారన్నదాంట్లో ఉంది. ఈ కొటేషన్ చూడ్డానికి నిండుగా ఉండేలా రాసింది, నడవడానికి రాసింది కాదు.

ముందు ర్యామ్ చూడండి. ఈ తరం జియాన్‌లో ఒక్కో ప్రాసెసర్‌కి ఆరు మెమరీ ఛానళ్ళు, అంటే ర్యామ్‌కి వెళ్ళే దారులు. ఆరు ఛానళ్ళలోనూ ఒక్కో స్టిక్కు ఉంటేనే పూర్తి వేగం. మీకు ఇస్తున్నవి నాలుగు స్టిక్కులు, రెండు ప్రాసెసర్లకి పంచితే తలా రెండు. అంటే ఆరింట్లో నాలుగు ఛానళ్ళు ఖాళీ. సిల్వర్ 4214 ర్యామ్‌ని 2400 వేగంతో నడుపుతుంది. ఛానల్‌కి సెకనుకి 19.2 జీబీ చొప్పున ఆరింటికి 115 జీబీ రావాల్సిన చోట మీకు వచ్చేది 38. ఎస్‌క్యూఎల్‌లో పెద్ద రిపోర్టు తీసినప్పుడు ఇది తెలిసిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో మాత్రం 128 జీబీ అని అందంగా కనిపిస్తుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు.

ఇక ప్రాసెసర్. 4214 అంటే 12 కోర్లు, బేస్ 2.2 గిగాహెర్ట్జ్. మీ రెండు పనులకీ కోర్ల లెక్క కన్నా ఒక్కో కోర్ వేగం ముఖ్యం. బిల్లు సేవ్ చెయ్యడం, టాలీలో లెడ్జర్ తెరవడం లాంటివి ఒకే కోర్ మీద నడిచే పనులు, పక్కన 23 కోర్లు ఖాళీగా కూర్చున్నా అవి ముందుకి జరగవు. పైగా 24 కోర్లు పెడితే 24 కోర్లకీ విండోస్ లైసెన్స్ కట్టాలి. విండోస్ సర్వర్ స్టాండర్డ్ కనీస లెక్క సర్వర్‌కి 16 కోర్లు, దానితో రెండు వీఎంలు. మీకు కావల్సింది సరిగ్గా రెండు వీఎంలే. రేపు మూడో వీఎం కావాలంటే మళ్ళీ అన్ని కోర్లకీ ఇంకోసారి కొనాలి. అప్పుడు 16కీ 24కీ తేడా రెట్టింపవుతుంది.

నేనైతే ఇలా అడుగుతాను: ఒకే ప్రాసెసర్, గోల్డ్ 6226ఆర్. 16 కోర్లు, బేస్ 2.9, టర్బో 3.9. ర్యామ్ 32 జీబీవి ఆరు, మొత్తం 192 జీబీ, ఆరు ఛానళ్ళూ నిండుతాయి. ఈ ప్రాసెసర్‌తో 2933 స్టిక్కులు పూర్తి వేగంతో నడుస్తాయి కాబట్టి స్టిక్కు మీద లేబుల్ చూసి 2933 అడగండి. ఆరూ ఒకే సైజు, ఒకే రకం, అన్నీ ఆర్‌డిమ్ అనే రకానివే ఉండాలి. ఎల్ఆర్‌డిమ్ రకం ఒక్కటి కలిసినా మిషన్ లేవదు. బిగించేది ఏ1 నుంచి ఏ6 దాకా, తెల్ల లివర్లున్న స్లాట్లు. నల్ల లివర్లవి ఆ తర్వాతి వంతు.

ఒక్క ప్రాసెసర్‌తో వచ్చే ఇబ్బంది కూడా తెలుసుకోండి. రెండో సాకెట్ ఖాళీగా ఉంటే దాని పక్కన బీ వరస 12 ర్యామ్ స్లాట్లూ పనిచెయ్యవు, వెనక రైజర్లలో ఆ సాకెట్‌కి కట్టిన పీసీఐఈ స్లాట్లూ (అదనపు కార్డులు గుచ్చేవి) పనిచెయ్యవు. మీకు అదనపు కార్డు ఏమీ లేదు కాబట్టి పర్వాలేదు. ఖాళీ సాకెట్‌కి మూత, ఖాళీ డిస్కు బేలకి (డిస్కు దూర్చే గదులకి) డమ్మీలు, పైన నల్ల ప్లాస్టిక్ గాలి తొడుగు ఇవన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. రీఫర్బిష్డ్‌లో మాయమయ్యేవి ఇవే. డమ్మీ లేని బే లోంచి గాలి షార్ట్‌కట్‌లో పోతుంది, ప్రాసెసర్ మీదుగా వెళ్ళాల్సిన గాలి తగ్గుతుంది, ఫ్యాన్లు హోరెత్తిపోతాయి. 6226ఆర్ 150 వాట్లది. 85 వాట్ల 4214కి సరిపడే హీట్‌సింకే ఇందులోనూ వేసి పంపకుండా, 150 వాట్లకి తగినదే ఇవ్వమని కొటేషన్‌లో రాయించుకోండి.

ఇంకొకటి. ఐడ్రాక్ ఎక్స్‌ప్రెస్ వద్దు, ఎంటర్‌ప్రైజ్ లైసెన్స్ అడగండి. ఎక్స్‌ప్రెస్‌తో టెంపరేచర్లు, లాగ్‌లు చూడగలరు, ఆన్ ఆఫ్ చెయ్యగలరు. స్క్రీన్ కనపడదు. రాత్రి 11కి విండోస్ అప్‌డేట్ తర్వాత మిషన్ బూట్ దగ్గర ఆగిపోతే అది ఏ మెసేజ్ దగ్గర ఆగిందో చూడాలంటే వర్చువల్ కన్సోల్ ఉండాలి, అది ఎంటర్‌ప్రైజ్‌లోనే వస్తుంది. ఆ లైసెన్స్ సర్వీస్ ట్యాగ్‌కి ముడిపడి ఉంటుంది, వేరే మిషన్‌ది తెచ్చి వేస్తామంటే ఒప్పుకోకండి.

జవాబు 2: డీబీఏ_డెస్క్

పైన చెప్పినవన్నీ సరే కానీ ఈ కొటేషన్‌ని ముంచేది డిస్కులూ, రెయిడ్ కార్డూ. వాటిని మార్చకుండా ప్రాసెసర్ ఎంత మార్చినా బిల్లింగ్ కౌంటర్లో గింగిరాలే.

లెక్క చూడండి. 7.2కే డిస్కు ఒకటి సెకనుకి చిన్న చిన్న రీడ్లు 75, 80 చెయ్యగలదు. నాలుగు కలిపితే 300. రెయిడ్ 5లో ఒక చిన్న రైట్‌కి నాలుగు డిస్కు పనులు పడతాయి: పాత డేటా చదవాలి, పాత పారిటీ (పోయిన డిస్కు డేటాని తిరిగి కట్టడానికి దాచే లెక్క) చదవాలి, కొత్త డేటా రాయాలి, కొత్త పారిటీ రాయాలి. 300ని నాలుగుతో భాగించండి, సెకనుకి 75 రైట్లు. 35 మంది బిల్లులు కొడుతుంటే, పక్కన టాలీ నడుస్తుంటే, ఈ 75 ఎక్కడికి సరిపోతాయి?

దానికి తోడు హెచ్330లో క్యాష్ మెమరీ లేదు, బ్యాటరీ లేదు. క్యాష్ ఉన్న కార్డైతే రైట్‌ని ముందు తన మెమరీలో పెట్టుకుని ఎస్‌క్యూఎల్‌కి "అయిపోయింది" అని చెప్పేసి, తర్వాత తీరిగ్గా డిస్కులోకి దింపుతుంది. హెచ్330లో అది కుదరదు, ప్రతి రైట్ డిస్కు దాకా వెళ్ళి రావాల్సిందే. కొందరు సెల్లర్లు ఈ నెమ్మదితనం కనపడకుండా డిస్కుల్లో ఉండే సొంత క్యాష్ ఆన్ చేసి ఇస్తారు. టెస్ట్‌లో బ్రహ్మాండంగా ఉంటుంది. కరెంటు పోయిన క్షణంలో ఆ క్యాష్‌లో ఉన్న బిల్లులు పోతాయి, డేటాబేస్ సస్పెక్ట్‌లోకి (పాడైందన్న అనుమానంతో తెరుచుకోని స్థితిలోకి) వెళ్ళే ప్రమాదం కూడా ఉంది.

మూడోది రీబిల్డ్. 4 టీబీ డిస్కు ఒకటి పోతే కొత్తది పూర్తిగా నిండాలి. సెకనుకి 120 ఎంబీ చొప్పున మిషన్ ఖాళీగా ఉన్నా 9 గంటలు పైనే. పగలు యూజర్లు పనిచేస్తుంటే ఒక రోజు దాటుతుంది. అంతసేపూ మిగిలిన మూడు డిస్కుల్నీ మొదటి నుంచి చివరి దాకా, అంటే 12 టీబీ చదవాలి. అవి కూడా అదే వయసు పాత డిస్కులు. ఆ మధ్యలో ఇంకొకటి పోతే అంతా పోయినట్టే.

మీ డేటా మొత్తం కలిపినా 500 జీబీ లేదు, 12 టీబీ ఎందుకు? 960 జీబీ ఎంటర్‌ప్రైజ్ సాటా ఎస్‌ఎస్‌డీలు నాలుగు తీసుకుని రెయిడ్ 10 (ప్రతి డిస్కుకీ నకలు ఉండే అమరిక) కట్టండి. వాడుకోడానికి 1.9 టీబీ వస్తుంది. ఇంకొకటి హాట్ స్పేర్‌గా (ఏదైనా పోతే దాని చోటు వెంటనే తీసుకునే డిస్కుగా) అందులోనే పెట్టేయండి. మీ ఛాసిస్ 3.5 అంగుళాలది కాబట్టి 2.5 ఎస్‌ఎస్‌డీలకి అడాప్టర్ ఉన్న క్యాడీలు (డిస్కు బిగించే చట్రాలు) కావాలి, లేదా ముందే 2.5 అంగుళాల ఛాసిస్ అడగాలి. ఇది ఇప్పుడే తేల్చుకోండి. బ్యాక్‌ప్లేన్ (డిస్కులు వెళ్ళి తగిలే పలక) ఛాసిస్‌తోనే వస్తుంది, కొన్నాక మార్చుకుందామంటే ఇంకో సర్వర్ కొన్నట్టే. ఎన్‌వీఎంఈ (ఇంకా వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) ముందువైపు కావాలంటే ఆర్740 ఎక్స్‌డీ చూడాలి, మీ పనికి అంత అవసరం లేదు.

ఎస్‌ఎస్‌డీలో మిక్స్‌డ్ యూజ్ అని ఖరీదైనది అంటగట్టబోతారు. లెక్క చెప్తాను. రీడ్ ఇంటెన్సివ్ రకం రోజుకి ఒకసారి పూర్తిగా నింపగలిగేది అంటే, 960 జీబీది 5 ఏళ్ళలో 1,752 టీబీ రాయొచ్చు. మీ సర్వర్ రోజుకి 200 జీబీ రాసిందనుకున్నా, అది ఎక్కువే, ఏడాదికి 73 టీబీ. డిస్కు అరిగే లోపు సర్వర్ పాతబడిపోతుంది. రీడ్ ఇంటెన్సివ్ చాలు. చూడాల్సింది వేరే ఉంది: పవర్ లాస్ ప్రొటెక్షన్. కరెంటు పోతే లోపలి కెపాసిటర్లతో చేతిలో ఉన్న డేటాని ఫ్లాష్‌లోకి దించుకునే ఏర్పాటు అది. ల్యాప్‌టాప్‌లలో వేసే ఎస్‌ఎస్‌డీలో అది ఉండదు. ఎస్‌క్యూఎల్ ప్రతి కమిట్‌కీ "నిజంగా రాశావా" అని అడుగుతుంది కాబట్టి అలాంటి ఎస్‌ఎస్‌డీ డబ్బా మీద సెకనుకి 550 ఎంబీ అని రాసి ఉన్నా సర్వర్లో కుంటుతుంది.

కార్డు హెచ్730పీ అడగండి. 2 జీబీ క్యాష్, బ్యాటరీ ఉంటాయి. హెచ్740పీలో 8 జీబీ. ఎస్‌ఎస్‌డీ రెయిడ్ 10కి ఆ తేడా పెద్దగా కనపడదు, అసలు ఎస్‌ఎస్‌డీల మీద రైట్ త్రూ (క్యాష్‌లో ఆపకుండా నేరుగా డిస్కుకి రాయడం), నో రీడ్ అహెడ్ (ముందుగా చదివి పెట్టుకోకపోవడం) పెడితేనే ఈ కార్డులు వేగంగా నడిచే దారి పడతాయి. ఆ డబ్బుని హాట్ స్పేర్‌కి వాడండి.

ఎస్‌క్యూఎల్ డేటా పెట్టే వాల్యూమ్‌ని 64 కేబీ అలొకేషన్‌తో (ఒక్కో ముక్క సైజుతో) ఫార్మాట్ చెయ్యండి. ఆ వీఎంకి 112 జీబీ ఇస్తే మ్యాక్స్ సర్వర్ మెమరీ 96 జీబీ దగ్గర కట్టెయ్యండి. ఎస్‌క్యూఎల్ 2022 దాకా వెర్షన్లలో స్టాండర్డ్ ఎడిషన్ బఫర్ పూల్ (డేటాని ర్యామ్‌లో పెట్టుకునే చోటు) ఎలాగూ 128 జీబీ దాటదు. బయోస్‌లో సిస్టమ్ ప్రొఫైల్ "పెర్ఫార్మెన్స్ పర్ వాట్" మీద ఉంటుంది, "పెర్ఫార్మెన్స్"కి మార్చండి. లేదంటే ప్రతి చిన్న పనికీ ప్రాసెసర్ నిద్ర లేచి వేగం అందుకునే లోపు పని అయిపోతుంది.

కొటేషన్‌లోని 4 టీబీ డిస్కులు రెండు తీసుకుని వేరే నాస్‌లో (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కు పెట్టెలో) పెట్టి బ్యాకప్‌కి వాడుకోండి. అదే సర్వర్లో ఉంటే అది బ్యాకప్ కాదు.

జవాబు 3: ఎర్తింగ్_ముఖ్యం

లోపలి సంగతి వాళ్ళు చెప్పారు, నేను బయట సంగతి చెప్తాను. మీ 9యూ గోడ ర్యాక్‌లో ఈ సర్వర్ పట్టదు. స్విచ్చులు, ప్యాచ్ ప్యానెళ్ళ కోసం చేసిన ర్యాక్ అది. ఆర్740 లోతు 700 మి.మీ. దాటుతుంది, వెనక కరెంటు తీగలకీ నెట్‌వర్క్ తీగలకీ ఇంకో 150 మి.మీ. కావాలి. డిస్కులతో బరువు 25 కిలోలు పైన, పట్టాల మీద బయటికి లాగితే ఆ బరువంతా గోడ బోల్టుల మీద పడుతుంది. గాజు తలుపైతే ఇంకా నష్టం. ఈ సర్వర్ ముందునుంచి గాలి పీల్చి వెనక వదులుతుంది, ముందు గాజు పెడితే తాను వదిలిన వేడినే మళ్ళీ పీలుస్తుంది.

నేల మీద నిలబడే 24యూ ర్యాక్ తీసుకోండి. 600 వెడల్పు, 1000 లోతు, ముందూ వెనకా చిల్లుల తలుపులు. కింద యూపీఎస్, బ్యాటరీలు, వాటి పైన సర్వర్, స్విచ్ పైన. సర్వర్ కింద పైన ఖాళీ యూలకి బ్లాంక్ ప్యానెళ్ళు వెయ్యండి, ప్లాస్టిక్‌వి చాలు.

స్లైడింగ్ పట్టాలు కొటేషన్‌లో లేవు. చాలామంది సర్వర్ ఇస్తారు, పట్టాలు ఇవ్వరు, తర్వాత అల్మరా అరలాంటి ట్రే మీద పెట్టుకోమంటారు. ట్రే మీద పెడితే మూత తీయాలన్నా మొత్తం దించాల్సిందే. పట్టాలు రాయించుకోండి. బిగించేటప్పుడు ఒక చిన్న కిటుకు: ర్యాక్ నిలువు పట్టీ మీద ఒక్కో యూకి మూడు చిల్లులు, వాటి మధ్య దూరం సమానంగా ఉండదు. రెండు చిల్లుల మధ్య దూరం 15.9 మి.మీ. అయితే అవి ఒకే యూలోవి, 12.7 మి.మీ. అంటే దగ్గరగా ఉంటే ఆ మధ్యనే రెండు యూల సరిహద్దు. ముందు వెనక ఒక చిల్లు తేడా వచ్చినా పట్టా వంకరగా కూర్చుంటుంది, సర్వర్ సగం దాకా వెళ్ళి ఇరుక్కుంటుంది. సర్వర్ ఎక్కించేటప్పుడు ఇద్దరు పట్టుకోండి, డిస్కులూ పవర్ సప్లయిలూ తీసేసి తేలిక చేసుకుంటే ఇంకా మంచిది. ఏ డిస్కు ఏ బేలోదో స్కెచ్ పెన్‌తో రాసుకుని తియ్యండి.

పవర్ సప్లయి రెండు ఉండి తీరాలి, రెండూ ఒకే వాటేజీవి. 750 వాట్లది ఒక్కటే ఈ సర్వర్‌ని మోయగలదు, మామూలు పనిలో ఇది తినేది 150 నుంచి 300 వాట్లు. రెండోది లోడ్ కోసం కాదు, ఒకటి పోయినా మిషన్ ఆగకుండా మార్చుకోడానికి. అయితే రెండు తీగలూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో గుచ్చితే ఉపయోగం సగమే. ఒకటి మీ 2 కేవీఏ యూపీఎస్‌లో పెట్టండి. రెండోది వేరే చిన్న 1 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్‌లో పెడితే మేలు. నేరుగా గోడ సాకెట్లో పెట్టేస్తామంటే వద్దు. ఈ సప్లయిలు 240 వోల్టుల దాకా తట్టుకునేలా చేసినవి, వీధిలో న్యూట్రల్ తెగిన రోజు సాకెట్లో 350, 400 వోల్టులు రావచ్చు. తప్పదనుకుంటే హై వోల్టేజీ కటాఫ్ పెట్టాకే గుచ్చండి. ఇంటి ఇన్వర్టర్‌కి అసలు తగిలించకండి, స్క్వేర్ వేవ్ రకం అయితే ఈ సప్లయిలకి పడదు.

ఐడ్రాక్‌లో చూస్తే లోడ్ అంతా ఒకే సప్లయి మీద కనిపించి రెండోది దాదాపు సున్నా చూపిస్తే కంగారు పడొద్దు. పవర్ సప్లయిలకి కూడా హాట్ స్పేర్ అనే సెట్టింగ్ ఉంది, అది ఆన్‌లో ఉంటే తక్కువ లోడ్‌లో రెండోదాన్ని నిద్రపుచ్చుతుంది.

ఎర్తింగ్ చూపించుకోండి. మల్టీమీటర్ ఏసీ మీద పెట్టి, లోడ్ నడుస్తుండగా న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలవండి. 2 వోల్టుల లోపు ఉంటే బాగున్నట్టు. 5 దాటితే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ పిట్ సంగతి చూడకుండా సర్వర్ ఆన్ చెయ్యొద్దు. నెట్‌వర్క్ పోర్టులు ఊరికే చచ్చిపోతుంటే చాలాసార్లు కారణం ఇదే.

యూపీఎస్‌కి యూఎస్‌బీ తీగ గాని నెట్‌వర్క్ కార్డు గాని ఉంటే సర్వర్‌కి కలిపి, బ్యాటరీ తగ్గగానే వీఎంలు వాటంతట అవే ఆగేలా పెట్టండి. బ్యాటరీలు 25 డిగ్రీల దగ్గర ఎంతకాలం వస్తాయో 35 దగ్గర అందులో సగమే వస్తాయి. మన ఎండల్లో యూపీఎస్‌ని ఏసీ లేని వరండాలో పెట్టి అయిదేళ్ళు రావాలంటే ఎలా? బయోస్‌లో ఏసీ పవర్ రికవరీ "లాస్ట్" మీద పెట్టి కొంచెం ఆలస్యం కూడా ఇవ్వండి. కరెంటు వచ్చీపోతూ ఆడుకుంటున్నప్పుడు సర్వర్ కూడా లేస్తూ పడుతూ ఉండకుండా.

చల్లదనం గురించి భయం అక్కర్లేదు. అన్నీ కలిపి 500 వాట్ల వేడి, అంటే గంటకి 1,700 బీటీయూ. 1 టన్ను ఏసీ 12,000 లాగుతుంది. కష్టం టన్నులది కాదు, గంటలది. ఒకే ఏసీ 24 గంటలూ నడవలేదు, ఇంకొకటి పెట్టి టైమర్‌తో ఆరేసి గంటలు మార్చండి. కరెంటు వచ్చాక తానంతట తాను ఆన్ అయ్యే రకమో కాదో చూసుకోండి, లేకపోతే శనివారం రాత్రి ఆగిన ఏసీ సోమవారం దాకా ఆగే ఉంటుంది. సర్వర్ ముందు గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలు, ఐడ్రాక్‌లో ఇన్‌లెట్ టెంపరేచర్ 30కి మెయిల్ వచ్చేలా పెట్టుకోండి. ర్యాక్‌ని మాత్రం ఏసీ ఇండోర్ యూనిట్ కింద పెట్టకండి. డ్రెయిన్ పైపు మూసుకుపోయిన రోజు నీళ్ళు నేరుగా మూత మీదే.

జవాబు 4: సింగిల్_సాకెట్

అందరూ రీఫర్బిష్డ్‌నే సరిదిద్దుతున్నారు. 35 మందికి ఇంత పెద్ద మిషన్ అవసరమా అని ఎవరూ అడగలేదు. కొత్త ఆర్360 చూడండి. 1యూ, ఒక్క జియాన్ ఈ-2400, 8 కోర్లే కానీ టర్బో 5 గిగాహెర్ట్జ్ దాటుతుంది. టాలీకి, బిల్లింగ్‌కి 6226ఆర్ కన్నా ఇదే చురుకు. ర్యామ్ స్లాట్లు నాలుగే, 128 జీబీ దగ్గర ఆగిపోతుంది, మీకు అది చాలు. రెండు హాట్ ప్లగ్ సప్లయిలు, కంపెనీ వారంటీ 3 ఏళ్ళు, మర్నాడు ఇంజినీరు వచ్చే కాంట్రాక్టు. కరెంటు కూడా తక్కువ తింటుంది.

మైనస్సులు: 1యూ కాబట్టి చిన్న ఫ్యాన్లు, చప్పుడు సన్నగా చెవిలో గుచ్చినట్టుంటుంది, సీట్ల పక్కన పెట్టలేరు. 8 కోర్లున్నా విండోస్‌కి 16 కోర్ల లైసెన్సే కట్టాలి.

సర్వర్‌గది:

ఒప్పుకుంటాను, మూడో వీఎం ఎప్పటికీ రాదంటే ఆర్360 సరైన మాట. కానీ 192 జీబీ ర్యామ్, 2యూ ఛాసిస్, తర్వాత రెండో ప్రాసెసర్ వేసుకునే వీలు ఆ ధరకి కొత్తదాంట్లో రావు. గోడౌన్ ఆటోమేషన్, ఇంకో బ్రాంచి లాంటివి రెండేళ్ళలో ఉన్నాయా అని ఓనరు గారిని అడిగి తేల్చుకోండి. ఉంటే ఆర్740, లేకపోతే ఆర్360. రీఫర్బిష్డ్ తీసుకుంటే స్పేర్లు పక్కన ఉండాలి: ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక పవర్ సప్లయి, ఒక ఫ్యాన్. ఈ మూడూ మిషన్ ఆపకుండా మార్చగలిగేవే.

బెజవాడ_ఐటీ:

అందరికీ థాంక్స్ అండి. వచ్చే ఏడాది గుంటూరు బ్రాంచి ఉంది కాబట్టి ఆర్740కే వెళ్తున్నాం. మార్చిన కొటేషన్: 2.5 అంగుళాల 8 బేల ఛాసిస్, 6226ఆర్ ఒకటి, 32 జీబీవి ఆరు, హెచ్730పీ, 960 జీబీ ఎస్‌ఎస్‌డీలు అయిదు, 750 వాట్లవి రెండు, ఐడ్రాక్ ఎంటర్‌ప్రైజ్, స్లైడింగ్ పట్టాలు. రెండో ప్రాసెసర్, పెద్ద డిస్కులు పోవడంతో ధర పెద్దగా పెరగలేదు. 24యూ ర్యాక్ వేరే ఆర్డర్ చేశాం.

మిషన్ వచ్చాక డబ్బు కట్టే ముందు ఏమేం పరీక్షించాలి? హెచ్730పీ బ్యాటరీ బాగుందని ఎలా తెలుసుకోవాలి?

డీబీఏ_డెస్క్:

బ్యాటరీ సంగతి ముందు. ఐడ్రాక్‌లో స్టోరేజ్, కంట్రోలర్స్ లోకి వెళ్తే బ్యాటరీ స్థితి కనిపిస్తుంది, "రెడీ" ఉండాలి. "డిగ్రేడెడ్", "ఫెయిల్డ్" అంటే మార్పించండి. మిషన్ ఆన్ చేసిన వెంటనే చూస్తే ఛార్జింగ్ అని ఉంటుంది, కొన్ని గంటలాగి చూడండి. ఈ కార్డు మూడు నెలలకోసారి బ్యాటరీని తనంతట తాను పరీక్షించుకుంటుంది, ఆ ఫలితం లాగ్‌లో పడుతుంది.

రైట్ పాలసీలో మూడు కనిపిస్తాయి. రైట్ త్రూ, మీ ఎస్‌ఎస్‌డీ రెయిడ్ 10కి ఇదే. రైట్ బ్యాక్, బ్యాటరీ పోతే కార్డే దాన్ని రైట్ త్రూకి దించుతుంది, నెమ్మదైనా డేటా క్షేమం. ఫోర్స్ రైట్ బ్యాక్, బ్యాటరీ పోయినా క్యాష్‌లోనే పెట్టుకుంటూ పోతుంది. ఎవరైనా అది పెట్టి ఇస్తే వెంటనే తీసెయ్యండి.

ఎస్‌ఎస్‌డీలు అయిదింటికీ ఐడ్రాక్‌లో "రిమైనింగ్ రేటెడ్ రైట్ ఎండ్యూరెన్స్" శాతం చూడండి. కొత్తవని చెప్పి 80 చూపిస్తే అవి కొత్తవి కావు. ఆ గడి ఖాళీగా ఉంటే స్మార్ట్ వివరాల్లో ఎన్ని గంటలు నడిచాయో చూడొచ్చు. 43,800 అంటే అయిదేళ్ళు రాత్రింబవళ్ళు నడిచినట్టు.

సర్వర్‌గది:

మిగతావి. సర్వీస్ ట్యాగ్ మూడు చోట్ల ఒకటే ఉండాలి: ముందు లాగే చీటీ మీద, బయోస్‌లో, ఐడ్రాక్‌లో. ఆన్ చేసి ఎఫ్10 నొక్కి లైఫ్‌సైకిల్ కంట్రోలర్‌లోకి వెళ్ళండి. హార్డ్‌వేర్ డయాగ్నస్టిక్స్‌లో మెమరీ పరీక్ష పూర్తిగా నడపండి, 192 జీబీకి గంటలు పడుతుంది, రాత్రికి వదిలెయ్యండి. అక్కడే లైఫ్‌సైకిల్ లాగ్‌లో పాత ఓనరు కాలం నాటి ఎర్రర్లు ఉంటాయి. సరిదిద్దదగిన మెమరీ ఎర్రర్లు ఒకే స్లాట్ పేరుతో పదే పదే ఉంటే, ఆ స్టిక్కు మార్చాల్సిందే. లాగ్ పూర్తిగా ఖాళీగా ఉంటే కూడా అడగండి, తుడిచేసి ఇచ్చారన్నమాట.

తర్వాత ఐడ్రాక్‌ని ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కి రీసెట్ చేసి పాస్‌వర్డ్ మార్చండి. పాత డిఫాల్ట్ పాస్‌వర్డ్ లోకమంతటికీ తెలుసు. దాని పోర్టుని వేరే వీల్యాన్‌లో (యూజర్ల నుంచి విడదీసిన నెట్‌వర్క్‌లో) పెట్టండి, బయటి నుంచి చూడాలంటే వీపీఎన్‌లోంచే. రౌటర్‌లో పోర్టు తెరిచి ఐడ్రాక్‌ని ఇంటర్నెట్‌లో పెట్టడం మాత్రం వద్దే వద్దు. ఫర్మ్‌వేర్ వరస: ఐడ్రాక్, బయోస్, పెర్క్, నెట్‌వర్క్ కార్డు, చివర డిస్కులు. ఐడ్రాక్ వెర్షన్ బాగా పాతదైతే ఒక్క దూకుడులో కొత్తదానికి వెళ్ళదు, మధ్య వెర్షన్ ఒకటి వేసుకుని ఎక్కాలి.

ఆఖరికి లాగి చూసే పరీక్షలు, సెల్లర్ మనిషి ఎదురుగానే చెయ్యండి. వీఎంలు నడుస్తుండగా ఒక పవర్ తీగ పీకండి, అయిదు నిమిషాలాగి దాన్ని తిరిగి పెట్టాకే రెండోది పీకండి. మిషన్ కదలకూడదు, ఐడ్రాక్ నుంచి రెండు మెయిళ్ళు రావాలి. ఒక ఎస్‌ఎస్‌డీ లాగెయ్యండి, హాట్ స్పేర్ మీద రీబిల్డ్ దానంతట అదే మొదలవ్వాలి. 960 జీబీ ఎస్‌ఎస్‌డీకి ఇది గంటల్లోనే అయిపోతుంది. లాగిన డిస్కుని తిరిగి పెడితే "ఫారిన్" (ఈ సెట్‌లోది కాదు) అని చూపిస్తుంది, దాన్ని ఇంపోర్ట్ చెయ్యకుండా క్లియర్ చేసి కొత్త హాట్ స్పేర్‌గా పెట్టండి. రీబిల్డ్ నూరు శాతం అయ్యాకే డేటాబేస్ ఎక్కించండి.